నల్ల కాగితం, తెల్ల పెన్ను, తొందర మిషన్

ప్రశ్న: స్టిక్కర్లు కోసే మిషన్‌కు బ్లేడు తీసేసి తెల్ల జెల్ పెన్ను బిగించాను. నల్ల చార్టు మీద మా ఊరి షాహీ జామియా మసీదు బొమ్మ గీయిస్తున్నా. గుమ్మటం దాకా బాగానే వస్తుంది, మినార్ల దగ్గరికొచ్చేసరికి గీత తెగిపోతోంది. మూడు కంపెనీల పెన్నులు మార్చాను. నాలుగోది ఏది కొనమంటారు?
– స్టిక్కర్ షాపు ఓనరు, ఆదోని

జవాబు: ఏదీ కొనకండి. పెన్నులు మార్చిన సంగతి రాశారు, మిషన్‌ను ఎంత వేగంతో తోలుతున్నారో మాత్రం రాయలేదు. జబ్బు అక్కడే ఉంది.

తెల్ల ఇంకులో తెలుపు టైటానియం డయాక్సైడ్ పొడిది. బరువైన పొడి, అడుక్కి దిగిపోతుంది. దాన్ని మోసే జెల్ కూడా మొనలోని గుండు దొర్లినప్పుడే పలచబడి కిందికి వస్తుంది. బ్లేడు వేగంతో తోలితే ఇంకు అందుకోలేదు. వాకిట్లో ముగ్గు వేసే ఆడవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. చెయ్యి పరుగెత్తితే గీత పలచబడుతుందని వాళ్ల వేళ్లకే తెలుసు. సెకనుకు 20 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. ఒత్తిడి కనిష్ఠానికి దించండి. బ్లేడుకు పెట్టిన ఒత్తిడే ఉంచితే గుండు కాగితాన్ని దున్నుతుంది.

మినార్ల దగ్గరే ఎందుకంటారా? ఒక మినారు నుంచి ఇంకోదానికి పెన్ను గాల్లో పోవాలి. మన ఎండలకు ఆలోగా మొన ఆరిపోతుంది. దగ్గర దగ్గర గీతలు ఒకదాని వెంట ఒకటి వచ్చేలా వరస మార్చండి. దూరం పోయినప్పుడల్లా బొమ్మకు బయట, అంచున రెండు సున్నాలు చుట్టించి, తర్వాత అసలు గీతకు రమ్మనండి.

ఇంకో శత్రువు మీ ఊళ్లోనే ఉంది. జిన్నింగ్ మిల్లులు తిరిగే రోజుల్లో దూది నూగు యాడ వాలదు? బడిపిల్లల చార్టుకు సొంత నూగు కూడా ఉంటుంది. రెండూ కలిసి గుండుకు చుట్టుకుంటాయి. నున్నటి, మందమైన నల్ల కార్డు షీటు తీసుకోండి, మెత్తటి గుడ్డతో తుడిచి పరచండి. పెన్నును మొన కిందికి పెట్టి దాచండి.

ఇవన్నీ చేసేముందు ఒక్క షీటు పాడుచేయండి. ఒకే గీతను 10, 20, 30, 40, 60 వేగాలతో గీయించండి. తెగిన వరసకు పైవరసే మీ వేగం. కాగితం పోతుందని లోభించి పెన్నులు పారేసే వాళ్లను చూసి చూసి విసిగిపోయాను.

ప్రశ్న: గీసేటప్పుడు తెలుపు కనిపించడం లేదు. పెన్ను నకిలీదా?
– ఆదోని

జవాబు: ఆరనిచ్చి చూడండి, తెల్ల ఇంకు తెల్లదనం ఆరాకే బయటపడుతుంది.

ప్రశ్న: జెల్లీ రోల్ మేలా, సిగ్నోనా, పోస్కానా?
– డిగ్రీ విద్యార్థి, ఎమ్మిగనూరు

జవాబు: సన్న గీతకు జెల్లీ రోల్. 1984లో జెల్ ఇంకు పెన్ను తెచ్చిన జపాన్ సకురా వాళ్లదే అది. పెన్ను మీది 05, 08, 10 అంకెలు గుండు సైజులు. గీత అందులో సుమారు సగమే పడుతుంది. 08 తో మొదలుపెట్టు. లావు గీతకు యూనీబాల్ సిగ్నో 153. పోస్కా పెయింటు పెన్ను దట్టంగా కప్పుతుంది, కానీ మధ్యమధ్యలో ఆపి కుదపాలి, గట్టిగా నొక్కితే మొన చితుకుతుంది. రాత్రంతా గీయించి పొద్దున చూసుకుందామనుకుంటే పోస్కా వద్దు.

ప్రశ్న: మా తాత గ్రాఫు కాగితం మీద వేసుకున్న అంచు డిజైన్లను నల్ల కాగితం మీద మిషన్‌తో గీయించి ఫ్రేములు కట్టించాలని ఉంది. కంప్యూటర్లో వంపులు నున్నగా చేశాను. బాగుంటుందా?
– నేత కుటుంబం అమ్మాయి, ఎమ్మిగనూరు

జవాబు: ఆ నునుపు తీసెయ్యి తల్లీ. గ్రాఫులో నిలువు వరస పడుగు, అడ్డ వరస పేక. మగ్గం మీద వంపు ఉండదు, మెట్లే ఉంటాయి. 1938లో మాచాని సోమప్ప నేత సహకార సంఘం పెట్టిన ఊరి పిల్లవు, ఆ మెట్లను దాచిపెడతావా? ఒక్కో గడిని పక్కపక్క గీతలతో నింపించు. 08 పెన్నుకు గీతకూ గీతకూ మధ్య అర మిల్లీమీటరు చాలు. తడి గీత మీద ఇంకో గీత పోనివ్వకు, కాగితం పొట్టు లేస్తుంది. అడ్డ గీతలన్నీ ఆరాకే నిలువు గీతలు.

మొదటి షీటు ఫ్రేము కట్టించకుండా తాత ముందు పెట్టు. ఏ గడిలో పోగు తప్పిందో వేలు పెట్టి చూపిస్తాడు. పెన్ను ఏ కంపెనీదని మాత్రం అడగడు.