కొంగుముడి, చీటీ

పని మరచిపోకుండా ఆడవాళ్ళు కొంగుకు ముడి వేస్తారు. ముడి చూడగానే ఏదో పని ఉందని గుర్తుకొస్తుంది. ఏం పనో గుర్తుకు రాదు! రెండు పనులుంటే రెండు ముళ్ళు వేయాలి. ఆరు పనులుంటే కొంగు చాలదు.

చదువు వచ్చిన చేతికి చీటీ ఉంది. దానికి మంచి కాగితం అక్కర లేదు. పిల్లల పాత నోటు పుస్తకంలో వెనక పేజీ చాలు. గోడ మీద కాలెండరు ఉన్నా చాలు. పాల లెక్క రాసేది దాని మీదే కదా.

పెడనలో కలంకారీ అద్దకం పనికి వెళ్ళే ఒకామె ఉందనుకుందాం. ఒక రాత్రి ఆమె ఇలా చీటీ రాసింది.

పిండి పట్టించాలి.
చిన్నవాడి ఫీజు కట్టాలి.
మామగారికి బి.పి. మందులు.
గ్యాస్ బండకు చెప్పాలి.
కమ్మల సంగతి చూడాలి.
డబ్బు ఆదా చేయాలి.

పక్కింటి ఆవిడ ఆ చీటీ చదివింది.

"వదినా, పై నాలుగూ రేపో ఎల్లుండో అయిపోతాయి. కింది రెండూ సంక్రాంతికి కూడా ఇక్కడే ఉంటాయి చూడు" అంది.

"అదేంటి, అలా అంటావు?"

"సంగతి చూడాలి అని రాశావు. ఏం చూస్తావు? ఎక్కడికి వెళతావు? ఎవరిని అడుగుతావు?"

ఆమె దగ్గర జవాబు లేదు. కూతురి కాన్పుకు కమ్మలు తాకట్టు పెట్టి 12,000 రూపాయలు తెచ్చింది. వందకు నెలకు రెండు రూపాయల వడ్డీ. నెలకు 240 అవుతుంది. ఏడాదికి 2,880 అయింది. ఇంత కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. తాకట్టు రసీదు ట్రంకు పెట్టెలో ఉంది. రసీదులో గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే కమ్మలు పోవచ్చు. చదువు రాని రోజుల్లో ఆ రసీదు ఆమెకు ఒట్టి కాగితం. ఇప్పుడు కాదు. కానీ ఇంకా తీసి చదవలేదు.

చీటీలో మాట చదవగానే కాలు కదలాలి. అలా కదలకపోతే ఆ మాట తిరగరాయాలి. ఇద్దరూ కూర్చుని కమ్మల పనిని విడగొట్టారు.

రేపు పొద్దున: రసీదు తీసి గడువు తేదీ చదవాలి. ఆ తేదీ కాలెండరు మీద గుర్తు పెట్టాలి.
బుధవారం: అసలులో కొంత కడితే వడ్డీ తగ్గిస్తారా అని షాపులో అడగాలి. కట్టిన డబ్బుకు రసీదు ఇస్తారా అని కూడా అడగాలి.
ప్రతి శనివారం: కూలి చేతికి రాగానే 300 తీసి వేరే డబ్బాలో వేయాలి. ఖర్చులు అయ్యాక మిగిలింది కాదు, ముందే తీయాలి.

వారానికి 300 చొప్పున 40 వారాల్లో 12,000. మొదటి 1,200 కట్టగానే అసలు 10,800 అవుతుంది. షాపువాళ్ళు ఒప్పుకుంటే ఆ పై నెల వడ్డీ 216 రూపాయలే. "కమ్మలు విడిపించాలి" అనేది కోరిక. "నలభై శనివారాలు" అంటే అది లెక్క.

అన్ని శనివారాలూ ఒకలా ఉండవు. ముసురు పట్టిందంటే బట్ట ఆరదు, పని ఆగుతుంది. కూలి లేని వారం డబ్బా ఖాళీగానే ఉంటుంది. అప్పుడు కాలెండరులో సున్నా రాసి, చివర ఒక వారం కలుపుకోవాలి. నలభై కాస్తా యాభై కావచ్చు. గడువు తేదీ అంతకన్నా ముందే వస్తుందా? అయితే గడువు పెంచమని ముందుగానే వెళ్ళి అడగాలి. ఆఖరి రోజున అడిగితే వినేవాళ్ళు తక్కువ.

చీటీలో వరస కూడా ముఖ్యమే. ఈ సంగతి అద్దకం పనివాళ్ళకు ఒకరు చెప్పనక్కర లేదు. పాత పద్ధతిలో ముందు బట్ట ఉతికి గంజి పోగొడతారు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఆ తరవాతే టేకు అచ్చులతో నలుపు అద్దుతారు. కరక్కాయ పట్టని బట్ట మీద ఆ నలుపు నిలవదు. పటిక అద్దిన చోటే, వేళ్ళు, చెక్కల రంగులో ఉడికించినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే బట్ట పాడు.

నల్ల రంగు చూడండి. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి చాలా రోజులు నాననివ్వాలి. రేపు కావలసిన నలుపు ఈ రాత్రి నానబెడితే రాదు. సర్టిఫికెట్టు, పింఛను, బ్యాంకు అప్పు, ఇవన్నీ అలాంటి పనులే. దరఖాస్తు ఇచ్చాక రోజులు పడుతుంది. కాబట్టి పిండి కంటే ముందు వాటిని మొదలు పెట్టాలి. పిండి ఒక గంట పని.

ఇంకో మాట. ఆ చీటీలో పనులన్నీ ఆమె ఒక్కతే చేయాలా? పక్కన పేర్లు రాసుకోవచ్చు. మందులు: మీ నాన్న. పిండి: పెద్దవాడు. పేరు రాయగానే అందరూ లేచి చేస్తారని కాదు. కానీ "నాకు చెప్పలేదు" అనడానికి వీలుండదు. చీటీ గోడ మీదే ఉంది మరి!

పదిమంది కలిసి ఒకే పని రాసుకున్న సంగతి నెల్లూరు జిల్లాలో జరిగింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మకం ఆపాలనుకున్నారు. వాళ్ళు అనుకున్నది రాష్ట్రమంతా కాదు, తమ ఊరి దుకాణం. అది నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉంది. అందుకే వెళ్ళగలిగారు. వేరే ఊళ్ళవాళ్ళూ తమ తమ దుకాణాల మీదికి వెళ్ళారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తరవాత ఆ జిల్లా ఆడవాళ్ళు రోజుకు ఒక రూపాయి పొదుపు మొదలు పెట్టారు. నెలకు 30 రూపాయలు. చిన్న మొత్తమే. అయినా రోజూ వేసేది.

పెడన ఆవిడ చీటీ ఇంకా పూర్తి కాలేదు. పక్కింటి ఆవిడ మళ్ళీ చదివింది.

"అందరి పనులూ ఉన్నాయి. నీ పని ఏది?"

"నాకేం పనులుంటాయి?"

"సూదిలో దారం ఎక్కించమని రోజూ నా దగ్గరికి వస్తున్నావు. కళ్ళు కనబడటం లేదని ఎక్కడ రాశావు?"

ఆమె నవ్వి పెన్సిలు తీసుకుంది. "కళ్ళు చూపించుకోవాలి" అని రాసింది. ఆగింది. కొట్టేసింది. "సోమవారం పొద్దున 9 గంటలకు, సర్కారు ఆసుపత్రి, కళ్ళ పరీక్ష" అని రాసింది.

రాయండి

రేపు చేయవలసిన పనులు మూడు రాయండి. ఒక్కో పని పక్కన ఎవరు చేస్తారో రాయండి.
మీ ఇంట్లో తాకట్టు రసీదు గానీ, బ్యాంకు పుస్తకం గానీ ఉందా? తీసి అందులో ఉన్న తేదీలు చదవండి.
రోజుకు 20 రూపాయలు దాస్తే 30 రోజులకు ఎంత? దానితో ఏం చేస్తారు?
మీ కోసం మీరు చేసుకోవలసిన పని ఒకటి, వారం, వేళ వేసి రాయండి.