తండ్రియైన దేవునిలో తల్లి ప్రేమ



మన తెలుగులో ‘దేవుడు’ అనే మాట చివర ‘డు’ ఉంది. రాముడు, భీముడు, తమ్ముడు అన్నట్లే అది మగవానిని తెలిపే ముగింపు. ఆడవారి విషయమైతే ‘దేవత’ అంటాం. ఏ లింగమూ చెప్పదలచుకోకపోతే ‘దైవం’ అంటాం. క్రైస్తవులమైన మనం మొదటి మాటనే ఎన్నుకొన్నాం. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున సిలువ గుర్తు వేసుకొంటూ పెరిగాం. గోడమీది పటంలో పితదేవుడు తెల్లని గడ్డంతో మేఘాలమీద కూర్చొని ఉంటాడు. ఇవన్నీ కలిసి, ఎవరూ నేర్పకుండానే, దేవుడు పురుషుడన్న అభిప్రాయం మన మనస్సులో స్థిరపడిపోయింది. కాని అది శ్రీసభ బోధ కాదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 239వ పేరాలో, దేవుడు పురుషుడూ కాడు, స్త్రీయూ కాడు, దేవుడు దేవుడే అని స్పష్టంగా బోధిస్తుంది. తల్లి ప్రేమను పోలికగా తీసుకొని కూడా దేవుని గూర్చి మాట్లాడవచ్చునని అక్కడే చెప్పింది.

‘ఇవన్నీ పండితుల చర్చలు ఫాదర్, మాకెందుకు?’ అని మీరు అడగవచ్చు. ఎందుకో చెబుతాను. రాయికోడ్ వైపు ఒక పల్లెలో పిల్లలకు సత్యోపదేశం చెబుతున్నాను. పరలోక మంత్రం ఒక్కొక్కరిచేత చెప్పిస్తుంటే పదేళ్ల పిల్ల ఒకతె మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మంత్రం దానికి రాక కాదు. పక్కనున్న పిల్లలు చెప్పారు, రాత్రి వాళ్ల నాయన తాగివచ్చి తల్లిని కొట్టాడట. ఆ పిల్లకు ‘మా తండ్రి’ అన్నప్పుడు కనబడే ముఖం ఏది? ఇలాంటి ఇండ్లు మన విచారణలలో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పిల్లకు దేవుని గూర్చి బైబులు చెప్పిన మాటలన్నీ చెప్పకుండా, ఒక్క మాటే చెప్పి ఊరుకోవటం న్యాయం కాదు.

బైబులులో ఏమున్నదో చూద్దాం. హీబ్రూ భాషలో గర్భాన్ని ‘రెహెం’ అంటారు. ఆ మాటనుండే ‘రహమీం’ అనే మాట పుట్టింది. దాని అర్థం కనికరం. ప్రవక్తలు దేవుని దయను గూర్చి మాట్లాడేటప్పుడు తరచు వాడే మాట ఇదే. మనం ‘దయ’ అని అనువదించుకొన్నాం, తప్పు లేదు. కాని దానికి సరిగ్గా తూగే తెలుగు మాట మన పల్లెల్లో ఉంది: కడుపుతీపి. రెండవ జాన్ పాల్ పోపుగారు 1980లో దేవుని కనికరంపై వ్రాసిన విశ్వలేఖలో ఈ మాట మూలాన్ని ప్రత్యేకంగా వివరించారు. జహీరాబాదు బజారులో మన ముస్లిం సోదరులు ఏ పని మొదలుపెట్టినా ‘రహ్మాన్, రహీం’ అని దేవుని తలచుకోవటం వింటుంటాం. అరబ్బీలో కూడా ఆ మాటలకూ గర్భాన్ని తెలిపే మాటకూ ధాతువు ఒక్కటే.

ఈ కడుపుతీపి బైబులులో అక్కడక్కడా దాగి ఉన్న సంగతి కాదు. పాలుతాగే బిడ్డను తల్లి మరచిపోయినా నేను మరువనని ప్రభువు చెబుతాడు (యెషయా 49:15). ప్రసవవేదన పడే స్త్రీవలె కేకవేస్తానంటాడు (యెషయా 42:14). తల్లి ఓదార్చినట్లు ఓదార్చుతానంటాడు (యెషయా 66:13). హోషేయ గ్రంథం 11వ అధ్యాయంలో బిడ్డకు నడక నేర్పి, ఎత్తుకొని, వంగి అన్నం పెట్టే దేవుడున్నాడు. మన ఇండ్లలో ఆ పనులు ఎవరు చేస్తారో ఆలోచించండి. ఆ అధ్యాయంలోనే 9వ వచనంలో, నేను దేవుడను గాని మనుష్యుడను కాను అంటాడు. అక్కడ వాడిన హీబ్రూ మాటకు మగవాడు అనే అర్థం కూడా ఉంది. ఇక మన ప్రభువు యెరూషలేమును చూచి దుఃఖించినప్పుడు తనను దేనితో పోల్చుకొన్నాడు? పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొనే కోడితో (మత్తయి 23:37). గద్ద నీడ పడగానే కోడి ఏం చేస్తుందో మన పెరటిలో చూచిందే కదా.

ఇప్పుడు పవిత్రాత్మ విషయానికి వద్దాం. ఇక్కడ కొంచెం వ్యాకరణం అవసరం, ఓపిక పట్టండి. ఆత్మకు హీబ్రూ మాట ‘రూవహ్’. గాలి, ఊపిరి అని కూడా అర్థం. అది సాధారణంగా స్త్రీలింగం. ఉర్దూలో ‘రూహ్’ దాని చెల్లెలే, అదీ స్త్రీలింగమే. గ్రీకులో ‘న్యూమ’ నపుంసకలింగం, లాటినులో ‘స్పిరితుస్’ పుంలింగం. బైబులును లాటినులోనికి అనువదించిన పునీత జెరోము ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, దైవత్వంలో లింగభేదం లేదు కనుకనే మూడు భాషలలో మూడు లింగాలు వచ్చినా ఎవరూ కలవరపడనక్కరలేదని యెషయా గ్రంథ వ్యాఖ్యలో వ్రాశాడు. పదహారు వందల ఏండ్ల క్రిందటి మాట అది!

సురియాని భాష మాట్లాడిన తొలినాటి క్రైస్తవులు మాత్రం ఆత్మను స్త్రీలింగంలోనే పిలిచారు. నాలుగవ శతాబ్దంలో అఫ్రహాతు అనే భక్తుడు దేవుని తండ్రిగాను, పవిత్రాత్మను తల్లిగాను చెప్పాడు. తరువాతి కాలంలో ఆ భాషలోనూ పుంలింగం వాడుకలోకి వచ్చింది. ఈ సురియాని మనకు దూరం అనుకోకండి. మన బడులలో, ఆసుపత్రులలో పనిచేస్తున్న కేరళ సిస్టర్ల పూర్వికులు పూజ చేసికొన్న భాష అదే. 1999లో ఏర్పడిన అదిలాబాదు పీఠం, 2017లో ఏర్పడిన శంషాబాదు పీఠం ఆ సీరో మలబారు సంప్రదాయానికి చెందినవే.

తెలుగులో మనకొక వింత చిక్కు ఉంది. ‘అమ్మ వచ్చింది’ అంటాం, ‘బండి వచ్చింది’ అంటాం. ఆడమనిషికీ వస్తువుకూ ఒకే క్రియ. బీదరు వైపు పోతే కన్నడంలో అలా కాదు, స్త్రీకి ‘బందళు’, వస్తువుకు ‘బంతు’. కనుక తెలుగులో ‘ఆత్మ వచ్చింది’ అంటే వినేవారికి తల్లి తోచదు, గాలో శక్తియో తోస్తుంది. పవిత్రాత్మ ఒక శక్తి కాదు, ఒక వ్యక్తి. బహుశా అందుకే మన పెద్దలు ‘వచ్చెను’ అనే గ్రాంథిక రూపాన్ని వదలలేదు. అది రామునికీ సీతకూ రథానికీ కూడా సరిపోతుంది. కొందరు ‘ఆత్ముడు’ అని కూడా అంటారు. నాకు ఆ మాట అంతగా నచ్చదు, అయినా వారి భయం నాకు అర్థమవుతుంది.

యూదుల విశ్వాసంలో ఈ భావన మరో దారిలో పెరిగింది. దేవుడు తన ప్రజలమధ్య నివసించటాన్ని రబ్బీలు ‘షెకీనా’ అన్నారు. నివసించు అనే ధాతువునుండి వచ్చిన స్త్రీలింగ పదం అది. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేశారు. ప్రజలు చెదిరిపోయారు. దేవుడు ఎక్కడ? ఇశ్రాయేలు ఎక్కడికి చెరపోతే షెకీనా అక్కడికి వెంట వెళ్లినదని రబ్బీలు బోధించారు. బిడ్డలను వదలని తల్లివలె అన్నమాట! పదమూడవ శతాబ్దంలో స్పెయిను దేశంలో వెలువడిన జోహార్ గ్రంథం షెకీనాను దేవునిలోని స్త్రీమూర్తిగా విస్తారంగా వర్ణించింది. శుక్రవారం సాయంకాలం యూదుల ఇంటిలో దీపాలు వెలిగించి విశ్రాంతిదినాన్ని ఆహ్వానించేది ఇల్లాలే. ఆ దినాన్ని వారు పెండ్లికూతురుగా, రాణిగా భావిస్తారు. తెలుగు యూదులు కూడా ఉన్నారని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే సమాజంవారు 1991లో సినగోగు నెలకొల్పుకొన్నారు. ఎఫ్రాయీము గోత్రం తమదని వారి నమ్మకం.

సామెతల గ్రంథం 8వ అధ్యాయంలో జ్ఞానం ఒక స్త్రీగా వీధులలో నిలబడి పిలుస్తుంది, సృష్టి సమయాన దేవుని చెంతనే ఉంది. జ్ఞానగ్రంథం 7వ అధ్యాయం, సీరాకు 24వ అధ్యాయం కూడా చదవండి. మన వైపు మెథడిస్టు సోదరుల బైబులులో ఈ రెండు గ్రంథాలు ఉండవు, కనుక వారితో మాట్లాడేటప్పుడు సామెతలతో మొదలుపెట్టటం మేలు. పునీత పౌలు క్రీస్తునే దేవుని జ్ఞానమన్నాడు (1 కొరింతీ 1:24).

అయితే ఒక హద్దు ఉంది. ఇశ్రాయేలీయులు యావే దేవునికి ఒక భార్యను కల్పించటానికి ప్రయత్నించిన కాలాలు లేకపోలేదు. అషేరా ప్రతిమను యోషీయా రాజు దేవాలయంనుండి తొలగించి కాల్పించాడు (2 రాజులు 23:6). 1975–76లో సీనాయి ఎడారిలో జరిగిన త్రవ్వకాలలో, క్రీస్తుకు పూర్వం సుమారు 800 నాటి వ్రాతలలో యావే పేరు పక్కన అషేరా పేరు కనిపించింది. అది దేవతా, లేక పూజాస్తంభమా అని పండితులు నేటికీ వాదించుకొంటున్నారు. యిర్మీయా కాలంలో స్త్రీలు ఆకాశరాణికి రొట్టెలు చేసేవారు (యిర్మీయా 7:18). నాలుగవ శతాబ్దంలో కొందరు స్త్రీలు మరియమ్మకే రొట్టెలు అర్పించి పూజిస్తున్నారని విని పునీత ఎపిఫానియుసు గట్టిగా మందలించాడు. మరియమ్మను గౌరవించాలి, ఆరాధన మాత్రం దేవునికే అన్నాడు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పనివ్వండి. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల కొండకు పోయే జనాన్ని చూడండి. 1924లో ఫాదర్ ఆర్లాటి ఆధ్వర్యంలో అక్కడ మొదలైన మరియమాత భక్తి నేడు ఎంతగా పెరిగింది! తలనీలాలిచ్చేవారు, కొబ్బరికాయలు తెచ్చేవారు, చంటిబిడ్డలతో మెట్లెక్కేవారు. వారిని ఎవరైనా ‘దేవతను కొలుస్తున్నారు’ అంటే నేను ఒప్పుకోను. ఎఫెసు మహాసభ 431లో ఆమెను దేవమాత అన్నది, దేవత అనలేదు. కాని ఒక ప్రశ్న మాత్రం మనల్ని మనం వేసికోవాలి. దేవుని దగ్గరకు పోవటానికి భయపడి, కోపిష్టి తండ్రికి నచ్చజెప్పే అమ్మగా మరియమ్మను తలచి పోతున్నామా? అలాగైతే మరియమ్మను మనం సరిగా అర్థం చేసికోలేదు, దేవునిని అసలే అర్థం చేసికోలేదు. ఆమెలో మనం చూచే కనికరం ఆయన ఇచ్చినదే.

మరి ‘తండ్రి’ అనే మాట మానివేద్దామా? వద్దు. ప్రభువు మనకు నేర్పిన పిలుపు అది. జ్ఞానస్నానంలో పిత, పుత్ర, పవిత్రాత్మ నామాలకు బదులు ‘సృష్టికర్త, రక్షకుడు, పవిత్రపరచువాడు’ వంటి మాటలు పెడితే ఆ జ్ఞానస్నానం చెల్లదని రోమునుండి 2008లో తీర్పు వచ్చింది. కాని తండ్రి అన్నది పోలిక మాట. దేవునికీ సృష్టికీ ఎంత పోలిక చెప్పినా అంతకంటె తేడాయే ఎక్కువని 1215లో నాలుగవ లాతెరాను మహాసభ బోధించింది. తాగి కొట్టే మనిషిని చూచి దేవుని అంచనా కట్టకూడదు. దేవుని చూచి ఆ మనిషిని నిలదీయాలి. ఎఫెసీయులు 3:14–15 చెప్పే వరుస అదే. పితృత్వం పైనుండి క్రిందికి వస్తుంది.

తల్లి అనే పోలికను వాడినవారు మన పునీతులలో, మన పోపులలో ఉన్నారు. పునీత అన్సెల్ము యేసును తల్లీ అని పిలిచి ప్రార్థించాడు. ఇంగ్లాండులో నార్విచ్ పట్టణంలో జూలియన్ అనే సన్యాసిని 1373లో కలిగిన దర్శనాలను గూర్చి వ్రాస్తూ, తల్లి పాలిచ్చినట్లు క్రీస్తు దివ్యసత్ప్రసాదంలో తన్నుతానే ఆహారంగా ఇస్తున్నాడన్నది. కేవలం 33 దినాలు పోపుగా ఉన్న మొదటి జాన్ పాల్ గారు 1978 సెప్టెంబరు 10న, దేవుడు మనకు తండ్రి, అంతకు మించి తల్లి అన్న భావం వచ్చేలా మాట్లాడి అందరినీ ఆశ్చర్యపరచారు. యెషయా మాటలే ఆయనకు ఆధారం.

ఆ పిల్లతో నేను వాదించలేదు. మన తెలుగులో ‘ఆయన’, ‘ఆమె’ అన్న భేదం ఎవరిని గూర్చియైనా మాట్లాడేటప్పుడే వస్తుంది. ఎదుట ఉన్నవారితో మాట్లాడేటప్పుడు రాదు. ‘నీవు వచ్చావు’ అంటే అమ్మతోనైనా అనవచ్చు, నాయనతోనైనా అనవచ్చు. ముందు యెషయా 49:15 చెప్పి, తరువాత ‘నీవు’ అంటూ మొదలుపెట్టు, పరలోక మంత్రం నిదానంగా నేర్చుకొందువులే అన్నాను. ఆ సాయంత్రమే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులను వెంటబెట్టుకొని వాళ్లింటికి వెళ్లాను. ఎందుకంటే అది ప్రార్థనతో మాత్రమే తీరే కష్టం కాదు. మీ వాడలో ఇటువంటి ఇల్లు ఉంటే మీరూ వెళ్లండి. ఊరకుండవద్దు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో లూకా సువార్త 15వ అధ్యాయం చదవండి. అందులో మూడు ఉపమానాలున్నాయి. తప్పిన గొఱ్ఱెను మోసే కాపరి పటం మన ఇండ్లలో ఉంది. తప్పిపోయిన కుమారుని తండ్రిని గూర్చి తపస్సుకాలంలో ప్రసంగాలు వింటాం. ఆ రెంటి మధ్య దీపం వెలిగించి, చీపురు పట్టి, ఇల్లంతా ఊడ్చి ఒక్క నాణెంకోసం వెదికే స్త్రీ ఉంది. ప్రభువు ఆమెనూ మిగిలిన ఇద్దరి సరసనే నిలబెట్టాడు. ఆమె పటం మీరు ఎప్పుడైనా ఎక్కడైనా చూశారా? పిల్లలచేత గీయించండి.