బ్రౌజర్ రక్షణ: తాళం గుర్తుకు అసలు అర్థం
కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్‌లో ఒక వ్యక్తి బ్రౌజర్‌లో ఒక ట్యాబ్‌లో మీసేవ పోర్టల్‌ను, పక్క ట్యాబ్‌లో అపరిచిత సైట్‌ను తెరిచినప్పుడు, రెండో దానిలోని స్క్రిప్టు మొదటి పేజీలోని ఆధార్ సంఖ్యను చదవకుండా ఆపేది ‘సేమ్ ఆరిజిన్ పాలసీ’. ప్రోటోకాల్, డొమైన్, పోర్టు మూడూ ఒకటే అయితేనే ఒక పేజీని మరొకటి చదవనిచ్చే ఈ నియమం 1990ల మధ్యలో నెట్‌స్కేప్ నావిగేటర్ బ్రౌజర్‌తో వచ్చింది. 2008లో వెలువడిన క్రోమ్ బ్రౌజర్, పేజీ కోడ్‌ను కంప్యూటర్ ఫైళ్ల జోలికి పోనీయకుండా పరిమిత అనుమతులతో నడిపే ‘శాండ్‌బాక్స్’ పద్ధతిని అనుసరించింది. చాలామంది తరచూ పొరబడేది సైట్ చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు దగ్గరే: సమాచారం దారిలో ఇతరులు చదవలేని సంకేతరూపంలో వెళుతుందని మాత్రమే అది చెబుతుంది, నకిలీ సైట్‌కూ ఆ గుర్తు దొరుకుతుంది కనుకనే 2023లో కంప్యూటర్లలోని క్రోమ్ దాని స్థానంలో వేరే గుర్తు పెట్టింది. అలాంటి సైట్‌లో మోసపోతే, ఆన్‌లైన్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదుకు జాతీయ సహాయవాణి సంఖ్య 1930.