బడి గంట కొట్టాక మొదలయ్యే ఉద్యోగం

మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో స్తంభాల వెంట నడిస్తే ఎటు చూసినా టెట్, డీఎస్సీ, గురుకులం కోచింగ్ బోర్డులే. బీఈడీ పూర్తిచేసి ఇక్కడి హాస్టళ్లలో దిగేవాళ్ల చూపంతా ఆ మూడింటి మీదే. కోచింగ్ సెంటర్లలో అంతగా వినిపించని దారి ఇంకొకటుంది: మిషనరీల పిల్లల కోసం పుట్టిన క్రైస్తవ బోర్డింగ్ స్కూళ్లలో టీచర్ కొలువు. పాఠం చెప్పడం వచ్చినంత మాత్రాన ఇక్కడ నెగ్గుకురాలేం. పిల్లలతో కలిసి బతకడం రావాలి.

ఎక్కడున్నాయి?

వీటిలో పాతవి కొండల మీదే వెలిశాయి. ముస్సోరీలోని వుడ్‌స్టాక్ 1854 నాటిది. ఊటీలోని హెబ్రోన్ 1899లో కూనూరులో మొదలైంది. కొడైకెనాల్‌లో అమెరికన్ మిషనరీల పిల్లల కోసం 1901లో తెరిచిన బడే నేటి కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్. గుంటూరులో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులో బాప్టిస్టులు పనిచేసిన రోజుల్లో మైదానాల ఎండకూ మలేరియాకూ భయపడి విదేశీ కుటుంబాలు పిల్లల్ని కొండలకు పంపేవి. ఇప్పుడు ఈ బడులు అన్ని రకాల కుటుంబాల పిల్లల్నీ చేర్చుకుంటున్నాయి.

నేటి మిషనరీలు చాలావరకు మన దేశం వాళ్లే. దక్షిణాది నుంచి ఉత్తరాది పల్లెలకూ గిరిజన ప్రాంతాలకూ వెళ్లినవాళ్లు. అలాంటివారి పిల్లల కోసం తిరునల్వేలి జిల్లా దోనావూరులో సంతోష విద్యాలయ నడుస్తోంది.

పని ఎలా ఉంటుంది?

అమ్మానాన్నలది ఒక భాష, ఆడుకున్న ఊరిది మరో భాష, పుస్తకాలది ఇంగ్లిష్. ఇలాంటి పిల్లలు తరగతిలో వెనకబడితే అది మందబుద్ధి కాదని పసిగట్టగల టీచర్ కావాలి. సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ అవర్, జ్వరమొచ్చిన పిల్లాడి దగ్గర కూర్చోవడం, ఆదివారం ఆరాధన... ఇవన్నీ డ్యూటీలోనివే. చేరిన కొత్తలో ఇంటి మీద బెంగతో అన్నం మానేసే పిల్లలుంటారు. వారాంతపు సెలవు ఎలా ఇస్తారో చేరకముందే అడగండి. సేవ అనుకుని అన్నీ నెత్తిన వేసుకుంటే ఏడాది తిరిగేసరికి డస్సిపోతారు.

అర్హతలు, జీతం

ప్రైమరీకి డీఎల్ఈడీ, హైస్కూల్‌కు డిగ్రీతో బీఈడీ, ప్లస్ టూకు పీజీ, బీఈడీ ఉంటే మంచిది. టెట్, సీటెట్ సర్టిఫికెట్లు జీవితాంతం చెల్లుతాయి కాబట్టి రాసి పెట్టుకోండి. ఐబీ, కేంబ్రిడ్జ్ సిలబస్ బడులకు ధారాళమైన ఇంగ్లిష్ తప్పదు. ఫీజులు ఎక్కువ తీసుకునే బడుల్లో జీతం మెరుగు. మిషన్ సంస్థలు నడిపేచోట తక్కువే, కాకపోతే తిండికీ అద్దెకూ వెతుక్కోనక్కర్లేదు. పీఎఫ్ గురించి, గ్రాట్యుటీ గురించి మొహమాటపడకుండా అడగండి. టీచర్లకూ గ్రాట్యుటీ హక్కు ఉందని 2009 చట్టసవరణ తేల్చింది.

విశ్వాసం మాటేమిటి?

చాలాచోట్ల పాస్టర్ ఉత్తరం అడుగుతారు, మీ విశ్వాసం గురించి రాయమంటారు. ఉద్యోగం కోసం లేని భక్తి నటించకండి. బోర్డింగ్ పని ఇష్టమై, ఈ షరతు కుదరనివాళ్లకు గురుకులాలున్నాయి. 2023లో తెలంగాణ గురుకుల బోర్డు 9 వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది. రాత్రి డ్యూటీలు అక్కడా ఉంటాయి.

పిల్లల భద్రత

పశ్చిమాఫ్రికాలోని గినీలో మిషనరీల పిల్లలు చదివిన మమూ అలయన్స్ అకాడమీలో జరిగిన అకృత్యాలు 1990ల్లో విచారణలో బయటపడ్డాయి. అందుకే ఇంటర్వ్యూలో పిల్లల రక్షణ నియమాలు చూపించమనండి. తడబడితే ఆ బడి వద్దు. మన దగ్గర 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం నేరం.

ఇప్పుడేం చేయాలి?

దరఖాస్తు పెట్టేముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా పిల్లల వసతి గృహాలకు కొదవలేదు. సరూర్‌నగర్‌లో నిజాం కాలం నాటి విక్టోరియా మెమోరియల్ హోమ్ పేరే పక్కనున్న మెట్రో స్టేషన్‌కు పెట్టారు. ఇలాంటి ఏదో ఒకచోట అనుమతి అడిగి కొన్ని వారాలు సాయంత్రం చదువులు చూడండి. ఆ అనుభవాన్ని బయోడేటాలో రాయండి. కనీసం రెండు విద్యా సంవత్సరాలు ఉండగలననుకుంటేనే చేరండి. ఇంటికి దూరంగా పెరిగే పిల్లలకు ఏడాదికో కొత్త టీచర్ అంటే చదువూ నిలవదు, నమ్మకమూ నిలవదు.