కంప్యూటరు దస్త్రములను ఎచ్చట భద్రపరచవలెను?

తల్లిదండ్రులును, సంఘ సభ్యులును ఇటీవల మమ్ము తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. పాఠశాల కార్యాలయపు డెస్క్‌టాప్ కంప్యూటరులో చోటు చాలకున్నది. దాని లోపలనే మరికొన్ని హార్డు డిస్కులను వరుసగా అమర్చుట మేలా, లేక నెట్‌వర్కుతో కలిపెడి నిల్వపెట్టె నొకదానిని వేరుగా కొనుట మేలా యనునదే ఆ ప్రశ్న. పిల్లల చదువునకై ఇంట కంప్యూటరు కొన్నవారికిని ఇదే సందేహము కలుగుచున్నది. ధర విచారించుటకు ముందు ఏది ఏ పని చేయునో తెలిసికొనుట అవసరము. కనుక ఆ విషయమును ఇచ్చట పాఠముగా వివరింతుము.

మొదట, మనము భద్రపరచ దలచిన వస్తువు లెట్టివో చూతము. 1949లో సండూరు సంస్థానము మద్రాసు రాష్ట్రమున విలీనమైనది. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, సండూరుతో కూడిన తక్కిన ఏడు తాలూకాలు మైసూరునకును చేరినవి. నాటినుండి ఇచ్చటి తెలుగువారము అల్పసంఖ్యాక భాషీయులము. అట్టివారు పాఠశాలలు స్థాపించి నడుపుకొను హక్కును రాజ్యాంగపు 30వ అధికరణము ఇచ్చుచున్నది. కాని తెలుగు పిల్లలు ఇందరు ఇచ్చట చదివిరని చూపవలసివచ్చినపుడు సాక్ష్యము పలుకునది ప్రవేశ పట్టీలోని మాతృభాష గడియే. ఆ పట్టీల ఛాయాప్రతులు, పాత వార్షిక సంచికలు, పిల్లలు తమ అవ్వతాతల నడిగి రికార్డు చేసిన సామెతలు, పాటలు నేడు కంప్యూటరులో నున్నవి. కన్నడపు పలుకుబడి కలిసిన మన సీమ తెలుగు అచ్చుపుస్తకములలో అరుదుగా దొరకును. పోయినచో మరల తెచ్చుకొనుటకు వేరొక చోటు లేదు.

ఇక డిస్కుల సంగతి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్ళెములు 50 ఉండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే నిలుపగలిగెడివి. నేడు అరచేత ఇమిడెడి 4 టెరాబైట్ల డిస్కు 4 లక్షల కోట్ల బైట్లను నిలుపును. అయినను సామాన్యమైన హార్డు డిస్కు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగు యంత్రమే. తిరుగునది ఏనాటికైనను అరుగును. డిస్కు చెడునా యని కాదు, చెడిననాడు మన చేత నేమి మిగులునని ఆలోచింపవలెను.

ఒక డిస్కు చెడినను పని ఆగకుండుటకు ఏర్పడిన ఉపాయమునకు రెయిడ్ అని పేరు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు దీనిని ఒక పత్రములో ప్రతిపాదించిరి. ఇందులో పలు తరగతులు కలవు. ఒకటవ తరగతిలో రెండు డిస్కులమీద ఒకే విషయము వ్రాయబడును. 4 టెరాబైట్లవి రెండు కొన్నచో మనకు దక్కు చోటు 4 టెరాబైట్లే. కాని ఒకటి చెడినను రెండవది నిలుచును.

అయిదవ తరగతికి కనీసము మూడు డిస్కులు కావలెను. దీనిని హాజరు పట్టీతో పోల్చి చెప్పవచ్చును. బాలురు 18, బాలికలు 22, మొత్తము 40 అని వ్రాసియున్నాము. 22 మీద సిరా ఒలికినది. అయినను 40 నుండి 18 తీసివేసినచో పోయిన అంకె తిరిగి దొరకును. ఇట్లే ప్రతి భాగమునకు ఒక మొత్తమును లెక్కకట్టి వేరొక డిస్కుపై నుంచుటచేత, ఒక డిస్కు పోయినపుడు తక్కినవానినుండి దానిని మరల నిర్మింపవచ్చును. 4 టెరాబైట్లవి మూడు పెట్టినచో 8 టెరాబైట్లు దక్కును. సున్న తరగతి యని మరొకటి కలదు. అది వేగమునకే గాని రక్షణకు కాదు; అందులో ఒక డిస్కు పోయినచో సర్వమును పోవును. దుకాణదారు రెయిడ్ అనగానే తృప్తిపడక, ఏ తరగతియో అడుగవలెను.

నెట్‌వర్కు నిల్వపెట్టె యనగా నాస్. ఇది తనంతట తానే యొక చిన్న కంప్యూటరు. రెండు లేక నాలుగు డిస్కులు పట్టును. లోపల సాధారణముగా పైన చెప్పిన రెయిడే యుండును. దానిని రౌటరుకు తీగతో కలిపినచో కార్యాలయములోని యంత్రము, ఉపాధ్యాయుల గదిలోని యంత్రము, ప్రయోగశాలలోని యంత్రము ఒకే దస్త్రమును చూడవచ్చును. డెస్క్‌టాప్ ఆపివేసినను ఇది పనిచేయుచుండును.

రెంటిని పోల్చి చూతము. వేగమున లోపలి డిస్కులదే పైచేయి. ఒక్క సామాన్య హార్డు డిస్కే క్షణమునకు 150 మెగాబైట్లకు పైగా చదువగలదు. గిగాబిట్ తీగపై నాస్‌నుండి వచ్చునది సుమారు 110. పాతకాలపు 100 మెగాబిట్ తీగయైనచో 12కు మించదు. వార్షికోత్సవపు వీడియోలు కూర్చువారికి ఈ భేదము తెలియును. పట్టీలు, పత్రములు చూచువారికి తెలియదు. ఖర్చున లోపలి డిస్కులే చౌక, ఏలయన వేరే పెట్టె కొననక్కరలేదు. కాని కంప్యూటరు మదర్‌బోర్డే చెడినపుడు, దానితో కట్టిన రెయిడ్ వరుసను వేరొక యంత్రము చదువలేకపోవచ్చును. నాస్ డిస్కులను కూడ ఊడదీసి విండోస్ యంత్రమునకు తగిలించినచో సాధారణముగా నేరుగా తెరచుకొనవు. పంచుకొనుటకు మాత్రము నాసే అనువైనది.

ఇంతవరకు చదివినవారు, రెంటిలో ఏదో యొకటి కొన్నచో భయము తీరునని తలతురేమో. అట్లు కాదు. ఈ పాఠమున గుర్తుంచుకొనవలసిన ముఖ్యాంశ మిదియే: రెయిడ్ రక్షించునది డిస్కు చెడుటనుండి మాత్రమే. ఒక దస్త్రమును పొరపాటున తుడిచివేసినచో అది రెండు డిస్కులమీదను ఒకేసారి తుడిచిపోవును. పిడుగుపాటు, దొంగతనము, నిప్పు ఒకే పెట్టెలోని డిస్కులన్నిటిని ఒకే మారు తాకును. 2017 మే నెలలో వానాక్రై అను దుష్టప్రోగ్రాము అనేక దేశములలో కంప్యూటరు దస్త్రములకు తాళము వేసి సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయముల యంత్రములును దానికి చిక్కినవి. అట్టి ప్రోగ్రాము సోకినపుడు, ఆ యంత్రము వ్రాయగలిగిన నెట్‌వర్కు పెట్టెలోని దస్త్రములకును ముప్పే. కనుక వేరొక చోట, తీగ ఊడదీసి యుంచిన ప్రతి యొకటి యుండి తీరవలెను.

ఈ నీతి తెలుగువారికి క్రొత్త కాదు. తాటాకు శిథిలమగునని యెరిగియే మన పెద్దలు గ్రంథములకు ప్రతులు వ్రాయించిరి. సి.పి. బ్రౌను కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యమునకు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. మన కాలమున, చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకముల స్కానింగు పథకమునకు మూలపురుషులైరి. దాని భారతీయ శాఖయైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకములు వేలకొలది చేరినవి. హైదరాబాదు ఐఐఐటి ఆ పనికొక కేంద్రము. తరువాత ఆ వెబ్‌సైటు పాఠకులకు అందకుండ పోయినపుడు, ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడ నుండుటచేతనే ఆ పుస్తకములు నేటికిని చదువ దొరకుచున్నవి. కాపాడినది యంత్రము గొప్పదనము కాదు, రెండవ చోటు.

కావున మా సలహా ఇది. ఇంట ఒక్కరో యిద్దరో వాడు కంప్యూటరునకు రెయిడ్ గాని, నాస్ గాని అవసరము లేదు. ఆ సొమ్ముతో బయట తగిలించు డిస్కులు రెండు కొని, వారమునకొకమారు నకలు తీసికొనుడు. పలువురు వాడు పాఠశాలకు రెండు డిస్కుల నాస్, ఒకటవ తరగతి రెయిడ్‌తో, యు.పి.ఎస్. రక్షణతో తగును. అందును బయటి డిస్కులు రెండు తప్పనిసరి. ఒకటి బీరువాలో నుండగా, మరొకటి రాయదుర్గములోనో ఆదోనిలోనో నమ్మకమైన బంధువు లింట ఉండవలెను; మూడు నెలల కొకమారు వానిని మార్చవలెను. నిధులు ఒక్కదానికే చాలినచో మొదట ఆ బయటి డిస్కులనే కొనవలెను. నాస్ తరువాత రావచ్చును.

మన యూరి గనుల ఎఱ్ఱదుమ్ము యంత్రపు విసనకఱ్ఱలను మూసివేయును. పెట్టెను నేలపై నుంచక, నెలకొకమారు దుమ్ము దులుపవలెను. సంవత్సరమున కొకసారి నకలునుండి పది దస్త్రములను తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదు. ఎవరు ఏనాడు నకలు తీసిరో ఒక నోటుపుస్తకమున సంతకముతో వ్రాయవలెను. ఏ పెట్టె కొన్నను, ఈ పని చేయు మనిషి లేనిచో ఫలము లేదు.

తల్లిదండ్రులకు మా విన్నపము: మీ యింటి పాత ఫోటోలు, పెద్దల ఉత్తరములు, పిల్లల ధ్రువపత్రములు ఒక్క ఫోనులోనే యున్నవేమో చూచుకొనుడు. ఉన్నచో, ఈ సంచిక ముగించిన వెంటనే మరొక చోట మరొక ప్రతి చేసి యుంచుడు.