మాట తడబడితే ఆగి వినండి



మా నాలుగో తరగతిలో ఒక బాబుకి నత్తి ఉంది. అటెండెన్స్ తీసుకునేటప్పుడు "ప్రెజెంట్ మిస్" అనడానికి చాలాసేపు కష్టపడేవాడు. పక్క పిల్లలు నవ్వుతారని నేను వాడి పేరు పిలవకుండానే టిక్ పెట్టేసేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఒకరోజు వాడు నా టేబుల్ దగ్గరికి వచ్చి, మధ్యలో రెండుసార్లు ఆగి, "మిస్, నా పేరు పిలవరా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

నత్తి తెలివితక్కువతనం కాదు. మీ పెంపకంలో లోపమూ కాదు. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది, కొందరిలో ఉండిపోతుంది. "తొందరపడకు, సరిగ్గా మాట్లాడు" అని పదేపదే చెబితే భయమే పెరుగుతుంది. అలాంటి పిల్లలకు మూడు దారులు తోడవుతాయి.

పాట: మాట్లాడేటప్పుడు తడబడే పిల్లలు పాడేటప్పుడు సాధారణంగా తడబడరు. మరొకరితో గొంతు కలిపి చదివినా అంతే. బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్‌కు చిన్నప్పుడు నత్తి ఉండేది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఒక ర్యాప్ ఆల్బమ్ కొనిచ్చారు. పదేళ్లకల్లా అందులోని ప్రతి మాటా కంఠతా వచ్చిందని, నత్తి పోవడానికి అదే సాయపడిందని ఆయనే చెప్పారు. అందరికీ అలా పూర్తిగా పోతుందని కాదు. మనింట్లో ర్యాప్ అక్కర్లేదు, వేమన పద్యం చాలు.

నవ్వు: మీ పిల్లలు చూసి పడిపడి నవ్వే మిస్టర్ బీన్, అంటే రోవన్ అట్కిన్సన్‌కు నత్తి ఉంది. ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివారు. వేరే పాత్రలోకి వెళ్లినప్పుడు తన నత్తి మాయమవుతుందని చెప్పారు. మన పిల్లలకూ ఒక పాత్ర ఇవ్వండి. తాతయ్యలా, కూరగాయల అమ్మాయిలా మాట్లాడమనండి. ఒక్క జాగ్రత్త: పిల్లలతో కలిసి నవ్వాలి గానీ, వాళ్ల నత్తిని చూసి నవ్వకూడదు.

సాహసం: మాలావత్ పూర్ణ పేరు మీకు తెలుసు. నిజామాబాద్ ప్రాంతంలోని పాకాల గ్రామం అమ్మాయి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. కానీ తను మొదట ఎక్కింది ఎవరెస్ట్ కాదు. భువనగిరి కొండ మీద శిక్షణ, తర్వాత డార్జిలింగ్, ఆపైన లద్దాఖ్ చలి. నత్తి ఉన్న బిడ్డకు అసెంబ్లీలో మైకు ముందు నిలబడటమే ఎవరెస్ట్. ముందు అమ్మకు కథ చెప్పాలి, తర్వాత కిరాణా షాపులో తనే సరుకు అడగాలి, తర్వాత క్లాసులో నిలబడాలి.

ఇంట్లో ఇలా చేసి చూడండి:

• వాళ్ల మాటను మీరు పూర్తి చేయకండి. కళ్లలోకి చూస్తూ ఆగండి.
• రోజూ పది నిమిషాలు ఒక పేజీ ఇద్దరూ కలిసి గొంతెత్తి చదవండి. తెలుగైనా ఇంగ్లిష్ అయినా పర్వాలేదు.
• చుట్టాల ముందు "రైమ్ చెప్పు" అని బలవంతం చేయకండి.
• ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, లేదా పిల్లలు మాట్లాడటానికే భయపడుతుంటే స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి. ఈ దారులు చికిత్సకు తోడు మాత్రమే, బదులు కాదు.
• క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి. దాచాల్సిన విషయం కాదిది.

ఇప్పుడు మా క్లాసులో రీడింగ్ ఇద్దరిద్దరు కలిసి చేస్తారు. ఆ బాబుకి నత్తి పోలేదు. కానీ రోజూ వాడి పేరు పిలుస్తున్నాను. వాడు "ప్రెజెంట్ మిస్" అనేదాకా క్లాసంతా ఆగుతుంది. వాచీ చూస్తే అయిదారు సెకన్లు. అంతకంటే ఎక్కువేం కాదు.