మెరిసే గిన్నె శుభ్రమైనదేనా?
రోగి ఉన్న ఇంట్లో స్టీలు సామాను సంరక్షణ

ఆసుపత్రి నుండి రోగిని ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు మందుల చీటీతో పాటు ఒక మాట తప్పక చెబుతారు: "బయటి తిండి వద్దు, ఇంట్లోనే శుభ్రంగా వండి పెట్టండి." మీరు సరేనంటారు. ఇంటికి వెళ్ళి గిన్నెలన్నీ తళతళలాడేలా తోమి బోర్లిస్తారు. చూసేవారికి ఆ వంటిల్లు అద్దంలా ఉంటుంది. కాని రోగికి కావలసింది కంటికి కనిపించే మెరుపు ఒక్కటే కాదు. ఆపరేషన్ అయినవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, డయాలసిస్‌కు వెళ్ళేవారు, పసిబిడ్డలు, వృద్ధులు వ్యాధిని తట్టుకునే శక్తి తక్కువగా ఉన్నవారు. మనకు ఒక పూట కడుపునొప్పితో పోయేది వారిని మళ్ళీ ఆసుపత్రికి తీసుకురావచ్చు. అందుచేత స్టీలు సామాను మెరుపును, శుభ్రతను రెండింటినీ ఎలా కాపాడుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

స్టీలుకు తుప్పు ఎందుకు పట్టదు?

మన అమ్మమ్మల కాలంలో ఇత్తడి, కంచు, రాగి పాత్రలు ఎక్కువగా ఉండేవి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు ఉంచితే చిలుము ఎక్కేది. అందుకే అప్పుడప్పుడు కళాయి పూయించేవారు. స్టీలు వచ్చాక ఆ శ్రమ తప్పింది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన ఇనుముకు క్రోమియం కలిపి, సులభంగా తుప్పు పట్టని ఉక్కును తయారు చేశారు. ఆ ఊరు కత్తులకు, చెంచాలకు పేరు పొందినది. కనుక ఈ లోహం త్వరలోనే భోజనాల బల్ల మీదికి చేరింది.

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. కొన్ని గిన్నెల అడుగున 18/8 అని ముద్ర ఉండడం మీరు చూసే ఉంటారు. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నాయని దాని అర్థం. ఈ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గిన్నె పైన కంటికి కనిపించని పలుచని పొరగా ఏర్పడుతుంది. మన ఒంటికి చర్మం ఎలాంటిదో, స్టీలుకు ఈ పొర అలాంటిది. చిన్న గీత పడితే, శుభ్రంగా ఉండి గాలి తగిలినప్పుడు మళ్ళీ దానంతట అదే ఏర్పడుతుంది. కాని ఉప్పు, బ్లీచ్, ఆసిడ్ ఎక్కువసేపు నిలిచి ఉంటే ఈ పొర దెబ్బతిని, సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు పడతాయి. అక్కడినుండి తుప్పు మొదలవుతుంది.

మెరుపు వేరు, శుభ్రత వేరు

స్టీలుకు తుప్పును ఆపే గుణమే గాని, క్రిములను చంపే గుణం లేదు. 2020లో కోవిడ్ వైరస్ మీద ప్రయోగశాలలో జరిపిన ఒక పరిశోధనలో ఆ వైరస్ రాగి మీద 4 గంటల తరువాత బ్రతికి కనిపించలేదు. స్టీలు, ప్లాస్టిక్ మీద మాత్రం క్రమంగా తగ్గుతూ 72 గంటల వరకు కనిపించింది. కోవిడ్ ముఖ్యంగా గాలి ద్వారానే వ్యాపిస్తుంది కాబట్టి దీనిని చూసి గిన్నెలకు భయపడనక్కరలేదు. అయితే "స్టీలు కదా, తుడిస్తే చాలు" అనుకోవడం మాత్రం సరికాదని దీనివలన తెలుస్తుంది.

మరి స్టీలు గొప్పతనం ఏమిటి? దాని నున్నదనం. నున్నగా ఉన్నచోట జిడ్డు, మెతుకులు అంటుకుని ఉండలేవు, సబ్బుకు సులభంగా వదులుతాయి. అదే గిన్నెను ఇసుకతో, ఇటుక పొడితో, స్టీలు పీచుతో బలంగా రుద్దితే సన్నని గీతలు పడతాయి. ఆ గీతలలో జిడ్డు, దానితోపాటు క్రిములు చేరతాయి. అంటే గిన్నె చర్మాన్ని కాపాడే పద్ధతే రోగి ఆరోగ్యాన్నీ కాపాడుతుంది.

మురికి సాధారణంగా దాక్కునే చోట్లు ఇవి: గ్లాసు మడత అంచు, టిఫిన్ క్యారియర్ మూత అంచులు, గరిటె కాడను అతికించిన చోటు, మిక్సీ జారు బ్లేడు అడుగు, మూతలోని రబ్బరు వాషరు, సింకు జాలీ. మధ్య భాగం ఎంత మెరిసినా ఇక్కడ వేలు పెట్టి చూడండి. జారుడుగా తగిలితే అది ఇంకా కడగని గిన్నె క్రిందే లెక్క.

అంట్లు తోమే సరైన వరుస

1. మెతుకులు, కూర ముక్కలు ముందుగా తీసివేసి నీటితో ఒకసారి కడగండి. ఎంగిలి గిన్నెలను రాత్రంతా అలాగే ఉంచవద్దు.

2. గోరువెచ్చని నీరు, పాత్రల సబ్బు, మెత్తని స్క్రబ్బరు లేదా కొబ్బరి పీచుతో తోమండి. ముందు గ్లాసులు, చెంచాలు, తరువాత కంచాలు, చివరికి జిడ్డు గిన్నెలు తోమాలి.

3. పారే మంచినీటితో సబ్బు పూర్తిగా పోయేవరకు కడగండి. ఒకే బకెట్టు నీటిలో అన్నీ ముంచి తీస్తే మొదటి గిన్నె మురికి చివరి గిన్నెకు అంటుతుంది.

4. జాలీ బుట్టలో బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. తడి గిన్నెలను ఒకదానిలో ఒకటి దోపి పెడితే లోపల తేమ నిలిచి, మరకలూ వస్తాయి, వాసనా వస్తుంది.

5. తుడవవలసి వస్తే ఉతికి ఎండబెట్టిన గుడ్డనే వాడండి. చాలా ఇళ్ళలో ఒకే మసిగుడ్డతో వేడి గిన్నె దించుతారు, గట్టు తుడుస్తారు, దానితోనే రోగి కంచమూ తుడుస్తారు. కడిగిన శుభ్రత అంతా అక్కడే పోతుంది. గట్టుకు ఒక గుడ్డ, గిన్నెలకు వేరొక గుడ్డ ఉండాలి. తోమిన స్క్రబ్బరును కూడా పిండి ఆరబెట్టండి, వాసన వస్తే పారవేయండి.

పసిబిడ్డ ఉగ్గుగిన్నెను, చెంచాను, పాలగ్లాసును తోమిన తరువాత నీటిలో మునిగేలా వేసి 5 నిమిషాలు మరగనిచ్చి, పటకారుతో తీయండి. రోగికి ట్యూబు ద్వారా ఆహారం ఇస్తుంటే ఆ సామాను ఎలా శుభ్రపరచాలో నర్సమ్మగారిని అడిగి, ఆమె చెప్పినట్లే చేయండి.

పచ్చి చికెన్, చేపలు కడిగిన తరువాత సింకును, కుళాయి పిడిని, గట్టును సబ్బుతో కడిగి, మీ చేతులు కూడా కడుక్కున్న తరువాతనే వండిన అన్నాన్ని, కూరను ముట్టుకోండి. వండిన ఆహారాన్ని 2 గంటలకు మించి బయట ఉంచవద్దు. ఎంత శుభ్రమైన గిన్నెలో ఉన్నా అది చెడిపోకుండా ఉండదు.

మరకలు: కారణం, ఉపాయం

తెల్లని చారలు: బోరు నీటిలోని సున్నపు లవణాలు ఆరిపోయి ఇలా కనిపిస్తాయి. ఇవి మురికి కావు. నిమ్మచెక్కతో గాని, సమానంగా నీరు కలిపిన వెనిగర్‌తో గాని రుద్ది, కొద్ది నిమిషాల తరువాత కడిగి పొడిగుడ్డతో తుడవండి. గిన్నెలు తడి ఆరకముందే తుడిస్తే ఈ చారలు రావు.

ఇంద్రధనుస్సు రంగులు: ఖాళీ గిన్నె మంట మీద ఎక్కువగా వేడెక్కినప్పుడు పైపొర మందమై నీలం, బంగారు రంగులు కనిపిస్తాయి. దీనివలన హాని లేదు. నిమ్మరసం లేదా వెనిగర్‌తో పోతుంది.

అడుగంటిన మాడు: కత్తితో గీకవద్దు. మాడు మునిగేలా నీళ్ళు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, 10 నిమిషాలు మరిగించి చల్లారనివ్వండి. తరువాత చెక్క గరిటెతో నెడితే ఊడివస్తుంది.

అడుగున చిన్న గుంటలు: చల్లని నీటిలో కల్లుప్పు వేసి కలపకుండా వదిలేస్తే ఉప్పు అడుగుకు చేరి స్టీలును తింటుంది. నీరు మరిగిన తరువాత ఉప్పు వేసి కలపండి. పచ్చడిని, ఊరగాయను స్టీలు డబ్బాలో నిల్వ చేయక జాడీలో ఉంచండి. పడిన గుంటలు తిరిగి పూడవు.

తుప్పు చుక్కలు: చాలాసార్లు ఇవి గిన్నె తుప్పు కావు. తడి సింకులో వదిలిన ఇనుప పెనం వలన గాని, స్టీలు పీచు ముక్కల వలన గాని వస్తాయి. వంటసోడా ముద్దతో మెల్లగా రుద్దితే పోతాయి. ఆ పీచు ముక్క అన్నంలో కలిసి గొంతులో గుచ్చుకునే ప్రమాదం కూడా ఉన్నది. గొంతు పుండుపడిన రోగి ఉన్న ఇంట్లో స్టీలు పీచును పూర్తిగా మానివేయడం మేలు.

ఫ్రిజ్, స్టవ్, మిక్సీ

ముందుగా ప్లగ్గు తీయండి, గ్యాసు కట్టండి. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సబ్బు వేసి, మెత్తని గుడ్డను పిండి తుడవండి. స్టీలు మీద సన్నని గీతలు ఏ వైపుగా ఉన్నాయో చూసి ఆ వైపుగానే తుడవాలి. అడ్డంగా తుడిస్తే మచ్చలుగా కనిపిస్తుంది. తరువాత తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. వేలిముద్రలు కనపడకుండా కొందరు ఒక చుక్క కొబ్బరినూనె రాస్తారు. అది ఫ్రిజ్ తలుపు బయటి వైపుకు సరిపోతుంది గాని, ఆహారం తగిలే చోట రాయకూడదు. ఫ్రిజ్ పిడి అందరి చేతులూ తగిలే చోటు, దానిని రోజూ తుడవండి.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు

రోగి ఉన్న ఇల్లు కదా అని కొందరు బ్లీచ్, టాయిలెట్ కడిగే ఆసిడ్, వెనిగర్ అన్నీ కలిపి సింకులో పోస్తారు. ఇది ఎన్నడూ చేయవద్దు. బ్లీచ్‌లో ఆసిడ్ గాని, వెనిగర్ గాని, నిమ్మరసం గాని కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. అమ్మోనియా కలిసినా విషవాయువే వస్తుంది. ఆయాసం ఉన్నవారికి, చిన్నపిల్లలకు ఇది మరింత ప్రమాదం. పొరపాటున కలిసి ఘాటు వస్తే అందరినీ వెంటనే బయటి గాలిలోకి తీసుకువెళ్ళండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి రండి.

టాయిలెట్ ఆసిడ్ స్టీలు సింకు పైపొరను కూడా పాడుచేస్తుంది. గట్టుకు బ్లీచ్ పెట్టవలసి వస్తే, ముందు సబ్బుతో కడగండి. మురికి మీద బ్లీచ్ సరిగా పనిచేయదు. సుమారు 5 శాతం బలమున్న, వాసన కలపని ద్రవ బ్లీచ్ ఒక టేబుల్ స్పూను, అంటే 15 మి.లీ., 4 లీటర్ల చల్లని నీటిలో కలపండి. దానితో తుడిచి రెండు నిమిషాలు ఉంచి, మంచినీటితో కడిగి పొడిగా తుడవండి. ఎక్కువసేపు ఉంచితే స్టీలు పాడవుతుంది. కిటికీ తెరిచి ఉంచండి.

రోగి కంచం వేరుగా ఉంచాలా?

ఇది చాలా కుటుంబాలు అడగడానికి మొహమాటపడే ప్రశ్న. టి.బి. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలి ద్వారా వ్యాపిస్తుంది. కంచం, గ్లాసు ద్వారా వ్యాపించదు. రోగి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, మందులు మానకుండా వాడాలి. గ్లాసును గుమ్మం బయట పెట్టనక్కరలేదు. హెచ్.ఐ.వి. కూడా కలిసి తినడం వలన, ఒకే గిన్నె వాడడం వలన రాదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు.

టైఫాయిడ్, విరేచనాలు, ఆహారం, నీటి ద్వారా వచ్చే కామెర్లు ఉన్నప్పుడు మాత్రం కంచాలు సబ్బుతో తోమి మరిగిన నీటిలో ముంచడం మంచిది. రోగి కోలుకునే వరకు ఇతరులకు వండకూడదు. అందరూ మలవిసర్జన తరువాత, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ జాగ్రత్త కడగడంలో ఉన్నది, వెలివేయడంలో లేదు. మూల పెట్టిన కంచాన్ని చూసి రోగి అన్నం మానుకుంటే మందులు కూడా సరిగా ఒంటబట్టవు.

ఇంట్లో అందరూ కలిసి చర్చించుకోండి

1. మన ఇంట్లో మసిగుడ్డ ఒకటేనా, పనికొకటి ఉన్నదా? దానిని చివరిసారి ఎప్పుడు ఉతికాము?

2. మిక్సీ జారు వాషరు తీసి కడిగి ఎన్నాళ్ళయింది?

3. బ్లీచ్, ఆసిడ్ సీసాలు పిల్లలకు అందకుండా, ఒకదానికొకటి దూరంగా ఉన్నాయా?

4. రోగి కంచాన్ని అనవసరంగా వేరు చేశామా?

అంట్లు తోమే పని ఒక్కరిదే కాదు. రోగికి సేవ చేస్తున్న తల్లి, భార్య, కోడలు అప్పటికే అలసిపోయి ఉంటారు. మగవారు, ఎదిగిన పిల్లలు రోజుకొక పూట ఈ పని చేపట్టి, పైన చెప్పిన వరుసలో చేస్తే ఆమెకు విశ్రాంతి, రోగికి రక్షణ. ఈ పాఠాన్ని చదవగలిగినవారు చదవలేని వారికి చదివి వినిపించండి. సందేహముంటే మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు అడగండి.